పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయాలనుకుంటున్నాను, ముందుగా ఏమేమి చూసుకోవాలి?

నత్తనడక · మొదటి రోజు, ఉదయం

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. అందులో నిమిషానికి 5400 సార్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 ఉన్నాయి. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్ తెరుచుకుని నా మాట వినే వరకు గడియారం పెట్టి చూస్తే నిన్న 6 నిమిషాల 40 సెకండ్లు పట్టింది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం 10 శాతం దాటడం లేదు గానీ, డిస్క్ గడిలో మాత్రం 100 శాతం అని అలాగే నిలిచి ఉంటోంది. నాకు అంతుపట్టనిది ఏమిటంటే, ఆ 100 శాతం చూపిస్తున్న సమయంలో కూడా డిస్క్ చదివే వేగం సెకనుకు అర ఎంబీ మించడం లేదు. పెద్ద వీడియో ఫైలును కాపీ చేస్తే ఇదే డిస్క్ సెకనుకు 90 ఎంబీ వరకు ఇస్తోంది. అంత బరువు మోయగలిగినది ఇంత తేలిక పనికి ఎందుకు చతికిలబడుతోంది? ఎస్‌ఎస్‌డి వేస్తే నిజంగా బాగుపడుతుందా, లేక యంత్రానికే కాలం చెల్లిందని వదిలేయడం మంచిదా? ఇన్నేళ్ళ ఫొటోలు, నేను చేసిన అనువాదాలు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

లెక్కల మాస్టారు · మొదటి రోజు, మధ్యాహ్నం

నత్తనడక గారూ, మీరు గమనించిన ఆ రెండు అంకెల్లోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. నిమిషానికి 5400 చుట్లు అంటే సెకనుకు 90 చుట్లు, అంటే ఒక చుట్టుకు 11.1 మిల్లీసెకండ్లు. కావలసిన సమాచారం పళ్ళెం మీద ఎక్కడ ఉన్నా, అది చదివే తల కిందికి వచ్చే వరకు సగటున అర చుట్టు ఆగాలి కాబట్టి 5.6 మిల్లీసెకండ్లు అక్కడే పోతాయి. అంతకు ముందు ఆ తల ఒక వలయం నుంచి మరొక వలయానికి జరగాలి, ల్యాప్‌టాప్ డిస్కుల్లో దానికి సుమారు 12 మిల్లీసెకండ్లు పడుతుంది. రెండూ కలిపితే ఒక్కొక్క వెతుకులాటకు దాదాపు 17.6 మిల్లీసెకండ్లు, అంటే సెకనుకు 57 వెతుకులాటలు. ప్రతిసారీ దొరికేది 4 కేబీ ముక్క అనుకుంటే సెకనుకు చేతికి వచ్చేది 228 కేబీ, అంటే పావు ఎంబీ కన్నా తక్కువ.

పెద్ద వీడియో ఒకే వరుసలో పరుచుకుని ఉంటుంది కాబట్టి తల కదలకుండా కూర్చుంటే పళ్ళెమే తిరుగుతూ వడ్డిస్తుంది, అందువల్ల మీకు 90 ఎంబీ కనిపించింది. విండోస్ మొదలయ్యేటప్పుడు అలా కాదు, వేలాది చిన్న ఫైళ్ళు పళ్ళెం నలుమూలలా చెల్లాచెదురుగా ఉంటాయి. మీ డిస్క్ ఆ సమయంలో చదువుతున్నది తక్కువే, ఎక్కువ కాలం తిరుగుతున్నది మాత్రం ఒకచోటి నుంచి మరొకచోటికి. టాస్క్ మేనేజర్ 100 శాతం అని చూపేది డిస్క్ ఎంత మోసిందన్నది కాదు, ఎంతసేపు ఖాళీ లేకుండా ఉన్నదన్నది.

ఎస్‌ఎస్‌డిలో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే తలా లేదు. సాధారణమైన సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పాత పద్ధతి) ఎస్‌ఎస్‌డి కూడా ఒక 4 కేబీ ముక్కను సుమారు 0.1 మిల్లీసెకండులో అందిస్తుంది. 57 ఎక్కడ, 10,000 ఎక్కడ! ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే సెకనుకు 550 ఎంబీ అన్న అంకె మీ అనుభవంలో పెద్దగా తేడా తీసుకురాదు, తేడా అంతా ఈ వెతుకులాటలోనే ఉంటుంది.

మరమ్మతు బల్ల · మొదటి రోజు, సాయంత్రం

మాస్టారు గారు లెక్క చెప్పారు కాబట్టి నేను పని చెబుతాను. మీ ల్యాప్‌టాప్ కాలం నాటిది కాబట్టి అందులో ఉన్నది 2.5 అంగుళాల సాటా డిస్కే అయి ఉంటుంది. అదే కొలతలో వచ్చే సాటా ఎస్‌ఎస్‌డి తీసుకుంటే సరిపోతుంది. కొనే ముందు పాత డిస్క్ మందం ఒకసారి చూడండి, ఎందుకంటే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో 9.5 మిల్లీమీటర్ల డిస్కులు ఉండేవి, ఇప్పటి ఎస్‌ఎస్‌డిలు దాదాపు అన్నీ 7 మిల్లీమీటర్లు. సన్నగా ఉన్నది మందపాటి గూటిలో పడుతుంది గానీ కాస్త వదులుగా ఆడుతుంది, అందుకోసం పెట్టెలో ఒక నల్లటి ప్లాస్టిక్ చట్రం ఇస్తే దానిని పారేయకండి.

ఇక సాటా తరాల గురించి ఎవరైనా భయపెడితే భయపడకండి. రెండో తరం సాటా సెకనుకు 3 గిగాబిట్లు పంపుతుంది, ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపుతుంది కాబట్టి అసలు సమాచారం 300 ఎంబీకి మించదు, మూడో తరంలో అది 600 ఎంబీ. మీది రెండో తరమే అయినా వెతుకులాటలో వచ్చే లాభం దాదాపు అంతే వస్తుంది.

ఇవన్నీ సరే గానీ ఎస్‌ఎస్‌డి కొనే ముందే చేయవలసిన పని ఒకటి ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెచ్చుకుని పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. రీఅలోకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్, అన్‌కరెక్టబుల్ సెక్టార్స్ (సెక్టారు అంటే డిస్క్‌లో సమాచారం దాచే చిన్న ముక్క) అనే మూడు వరుసల్లో చివరి గడిలో ఏముందో ఇక్కడ రాయండి. నా బల్ల మీదకు వచ్చే యంత్రాల్లో చాలా వాటి విషయంలో యజమానులు "నెమ్మదిగా ఉంది" అని తెస్తారు, తీరా చూస్తే డిస్క్ చివరి దశలో ఉంటుంది. అలాంటి డిస్క్ మీద క్లోనింగ్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ చేయడం) మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది, ఒక్కోసారి డిస్కే ఆగిపోతుంది.

కొత్తచూపు · మొదటి రోజు, రాత్రి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. నా ల్యాప్‌టాప్‌లో చూయింగ్ గమ్ ముక్కలా ఉండే సన్నని ఎం.2 ఎస్‌ఎస్‌డి పెట్టే చోటు ఉంది. ఎం.2 అంటేనే వేగమైనది అనుకుని ఏదో ఒకటి కొనవచ్చా?

మరమ్మతు బల్ల · మొదటి రోజు, రాత్రి

కొనవద్దు. ఎం.2 అనేది ఆకారం పేరే తప్ప వేగం పేరు కాదు. 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం, అంతకు మించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఆ ఒకే ఆకారంలో సాటా ఎస్‌ఎస్‌డిలూ వస్తాయి, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతి ఎస్‌ఎస్‌డిలూ వస్తాయి. కొన్ని స్లాట్లు రెండింటినీ ఒప్పుకుంటాయి, కొన్ని ఒకదానినే ఒప్పుకుంటాయి. చక్కగా గాడిలో కూర్చుంది కదా అని స్క్రూ బిగించి చూస్తే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే అమరికల తెరలో) దాని ఊసే ఉండదు. మీ మోడల్ పేరుతో తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ తీసి ఆ స్లాట్ దేనికి పని చేస్తుందో చదివి తరువాత కొనండి.

పాతకాపు · రెండవ రోజు

అందరూ ఎస్‌ఎస్‌డిని ఆకాశానికెత్తుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు చప్పుడు చేస్తుంది, నెమ్మదిస్తుంది, అక్కడక్కడ ఫైళ్ళు తెరవనంటుంది, అంటే మనకు కొంత వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డి విషయంలో అంత మర్యాద లేదు. నా దగ్గర ఒకటి సాయంత్రం మామూలుగా పని చేసి, తెల్లవారి బయోస్‌లో కనిపించడమే మానేసింది, ఒక్క ఫైలు కూడా వెనక్కి రాలేదు. పైగా ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ళ చోటు ఇక అక్కరలేదని విండోస్ ఎస్‌ఎస్‌డికి చెప్పడం) పని చేస్తున్న ఎస్‌ఎస్‌డిలో పొరపాటున చెరిపేసిన ఫైలును హార్డ్ డిస్క్‌లో లాగా తరువాత వెతికి తీసుకోవడం దాదాపు కుదరదు.

ఎస్‌ఎస్‌డి లోపల నడిచే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ కూడా ఒక ప్రమాదమే. 2019లో సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డిలు సరిగ్గా 32,768 గంటలు పని చేసిన తరువాత ఆగిపోతాయని తెలిసి, తయారీదారు హడావుడిగా కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేయవలసి వచ్చింది. లెక్కలు తెలిసినవారు ఆ అంకె చూడగానే నవ్వుకుని ఉంటారు.

ఎస్‌ఎస్‌డి వేయవద్దని నా ఉద్దేశం కాదు. నేనూ అదే వాడుతున్నాను. బ్యాకప్ లేకుండా వేయవద్దు అంటున్నాను.

లెక్కల మాస్టారు · రెండవ రోజు

పాతకాపు గారూ, నవ్వుకున్న మాట నిజమే. 32,768 అంటే 2ను పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేది. పదహారు బిట్లలో రుణ సంఖ్యలకూ చోటిస్తే 32,767 దాటగానే లెక్క తిరగబడుతుంది. గంటలు లెక్కపెట్టే గడి చిన్నదైపోతే ఇలాగే జరుగుతుంది.

అయితే రాసి రాసి ఎస్‌ఎస్‌డి అరిగిపోతుందన్న భయం మాత్రం ఇంటి వాడకానికి అంతగా అవసరం లేదు. ఫ్లాష్ మెమొరీలో పాతదాని మీద నేరుగా కొత్తది రాయడానికి వీలుండదు, ముందు పెద్ద బ్లాకును చెరిపి ఆ తరువాత చిన్న పేజీలుగా రాయాలి, ప్రతి చెరుపుకూ అందులోని గదులు కాస్త కాస్త అరుగుతాయి. అందుకే తయారీదారులు ఎన్ని టెరాబైట్లు రాసే వరకు హామీ ఇస్తారో చెబుతారు. 500 జీబీ టీఎల్‌సీ (గదికి మూడు బిట్లు దాచే) రకానికి 300 టెరాబైట్లు అని రాసి ఉండటం నేను చూశాను. దానిని ఐదేళ్ళకు పంచితే రోజుకు 164 జీబీ వస్తుంది. అనువాదాలు, ఫొటోలు, బ్రౌజర్ కలిపి నత్తనడక గారు రోజుకు అందులో పదో వంతు రాస్తారా అన్నది అనుమానమే. గదికి నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ రకంలో ఈ హామీ సాధారణంగా తక్కువగా ఉంటుంది, పెద్ద ఫైళ్ళు ఆగకుండా రాస్తే దాని వేగం కూడా మధ్యలో పడిపోతుంది, కాబట్టి విండోస్ ఉండే డిస్క్‌కు టీఎల్‌సీ తీసుకోవడం మేలు.

ఒక్క విషయం మాత్రం పాతకాపు గారి పక్షాన చేర్చాలి. ఎస్‌ఎస్‌డిని ఫొటోలతో నింపి బీరువాలో పెట్టి మరచిపోకూడదు. మెమొరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ ప్రమాణం ప్రకారం సాధారణ వినియోగదారుల ఎస్‌ఎస్‌డి, తన హామీ మేరకు పూర్తిగా రాయబడిన తరువాత, కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక సంవత్సరం సమాచారాన్ని నిలబెట్టుకోగలిగితే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువ కాలమే నిలబెట్టుకుంటుంది, అయినా దాచుకునే పెట్టెగా అది తగినది కాదు.

నత్తనడక · రెండవ రోజు, సాయంత్రం

మరమ్మతు బల్ల గారు చెప్పినట్టే చేశాను. పైన పసుపు రంగులో జాగ్రత్త అని చూపిస్తోంది. రీఅలోకేటెడ్ వరుసలో చాలా సున్నాల తరువాత 10 ఉంది, పెండింగ్ వరుసలో 38 ఉంది, అన్‌కరెక్టబుల్ వరుసలో 38 ఉంది. 500 జీబీలో 38 అంటే పెద్ద సంఖ్యేమీ కాదు కదా?

మరమ్మతు బల్ల · రెండవ రోజు, సాయంత్రం

ఇది చదవగానే ల్యాప్‌టాప్‌ను మామూలు పద్ధతిలో షట్‌డౌన్ చేయండి, తరువాతి మాటలు ఫోనులో చదువుకోండి.

ఆ ప్రోగ్రాం చివరి గడిలో అంకెలను మొదట్లో పదహారు ఆధారంగా చూపిస్తుంది, మెనూలో మార్చుకుంటే తప్ప మనం రోజూ వాడే పదుల లెక్కలో చూపదు. కాబట్టి మీ 38 అంటే 3×16 + 8, అంటే 56, మీ 10 అంటే 16. పదహారు సెక్టార్లను డిస్క్ ఇప్పటికే పాడైనవిగా గుర్తించి వాటి పని వేరేచోటికి మార్చింది. మిగతా 56 సెక్టార్లను చదవలేక, వదిలేయలేక వేలాడుతోంది. మీకు 6 నిమిషాలు పట్టడానికి మాస్టారు గారు చెప్పిన కారణం ఒకటైతే ఇది రెండోది. చదవలేని ఒక్కొక్క సెక్టారు దగ్గర డిస్క్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ సెకండ్ల కొద్దీ ఆగిపోతుంది.

ఇప్పుడు చేయకూడని పనులు చెబుతాను. చెక్ డిస్క్ నడపకండి, అది డిస్క్ మొత్తాన్ని గాలించి ఉన్న ఊపిరి కూడా తీసేస్తుంది, పైగా దొరికిన పాడైన ముక్కలను తనకు తోచినట్టు సర్దుతుంది. డీఫ్రాగ్మెంట్ (చెల్లాచెదురైన ఫైళ్ళ ముక్కలను ఒకచోటికి చేర్చడం) చేయకండి. మామూలు క్లోనింగ్ ప్రోగ్రాం మొదలుపెట్టకండి. నిన్నటి వరకు మనం మాట్లాడుకున్నది వేగం గురించి, ఇక మాట్లాడవలసినది మీ ఫొటోల గురించి.

లినక్స్ బాట · రెండవ రోజు, రాత్రి

ఇలాంటి సందర్భానికి గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. మామూలు కాపీ ప్రోగ్రాములు చదవలేని చోటు రాగానే అక్కడే నిలబడి తల బాదుకుంటాయి. ఇది అలా కాకుండా మొదటి విడతలో తేలికగా చదవగలిగినదంతా గబగబా తీసుకుని, కష్టమైన చోట్లను దాటేసి, వాటి చిరునామాలను మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మిగతాదంతా భద్రమైన తరువాతే ఆ కష్టమైన చోట్లకు తిరిగి వచ్చి అంచుల నుంచి లోపలికి కొద్దికొద్దిగా గీకుతుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కిందని మీరే ఆపినా, మ్యాప్ ఫైలు ఉంటే ఆగినచోటి నుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలును తప్పకుండా ఈ కాపీ చేరే బాహ్య డిస్క్‌లోనే (యూఎస్‌బీతో తగిలించేది) దాచండి, పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌లో దాస్తే ల్యాప్‌టాప్ ఆపగానే పోతుంది.

వేరొక కంప్యూటర్ మీద లినక్స్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, పాత డిస్క్‌ను కదల్చకుండా ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, ఆ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టండి. పాత డిస్క్‌లోని పార్టిషన్లను తెరిచి చూడకండి. బాహ్య డిస్క్‌లో 500 జీబీకి మించి ఖాళీ ఉండాలి. ఆదేశంలో ముందు రాసేది మూలం, తరువాత రాసేది గమ్యం, ఆ రెండూ తారుమారైతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే ఎంటర్ నొక్కే ముందు డిస్కుల పరిమాణాలు, మోడల్ పేర్లు చూసి రెండుసార్లు సరిచూసుకోండి.

నత్తనడక · మూడవ రోజు

మొదలుపెట్టిన ఒక నిమిషంలోనే ఆగిపోయింది. ఫైలు మరీ పెద్దదైపోయిందని చెబుతోంది. చూస్తే బాహ్య డిస్క్‌లో సరిగ్గా 4 జీబీ చేరింది. ఆ డిస్క్‌లో 900 జీబీ ఖాళీ ఉంది, అయినా ఎందుకు ఇలా జరిగింది? పాత డిస్క్ పోయినట్టేనా?

లినక్స్ బాట · మూడవ రోజు

పాత డిస్క్‌కు ఏమీ కాలేదు, ఊపిరి పీల్చుకోండి. మీ బాహ్య డిస్క్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా వస్తోంది కాబట్టి అక్కడ గోడ తగిలింది. ఈ సంగతి ముందే అడగవలసింది, అది నా పొరపాటు. అందులో ఉన్నవి వేరేచోటికి మార్చి, ఎక్స్ఎఫ్ఏటీ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ చేసి మళ్ళీ మొదలుపెట్టండి.

నత్తనడక · నాలుగవ రోజు

అది ఒకప్పుడు టీవీకి తగిలించడానికి ఎవరో అలా చేసి ఇచ్చిన డిస్క్. ఎక్స్ఎఫ్ఏటీ చేసి రాత్రి మొదలుపెట్టాను. మొదటి రెండు గంటల్లోనే 99 శాతానికి పైగా వచ్చేసింది, మిగిలిన కొంచెం కోసం ఏడు గంటలు కూర్చుంది. ఆ ఏడు గంటల్లో డిస్క్ నుంచి అప్పుడప్పుడు గోరుతో బల్లను తట్టినట్టు చప్పుడు వచ్చేది, తరువాత చాలాసేపు నిశ్శబ్దం. నేను పక్కగదిలో పడుకుని ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. పొద్దున చూస్తే చదవలేకపోయినది మొత్తం మీద 96 కేబీ అని చూపిస్తోంది.

పాతకాపు · నాలుగవ రోజు

500 జీబీలో 96 కేబీ తప్ప అంతా దక్కిందంటే గట్టెక్కినట్టే. ఇప్పుడు ఆ ఇమేజ్‌ను (డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా వచ్చిన నకలును) తీసుకువెళ్ళి కొత్త ఎస్‌ఎస్‌డి మీద అలాగే పరచకండి. పోయిన 96 కేబీ విండోస్ ఫైళ్ళలో ఎక్కడో ఉంటే ఆ లోపం కూడా కొత్త ఇంట్లోకి వస్తుంది. అయినా నా అభిప్రాయంలో డిస్క్ బాగున్నా బాగులేకపోయినా ఎస్‌ఎస్‌డి మీద విండోస్‌ను కొత్తగానే ఎక్కించుకోవాలి. ఇన్నేళ్ళుగా పేరుకున్న చెత్తను మోసుకుపోవడం ఎందుకు?

మరమ్మతు బల్ల · నాలుగవ రోజు

ఈ సందర్భంలో కొత్తగా ఎక్కించడమే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. అయితే డిస్క్ బాగున్నా కొత్తగానే అన్న మాటతో ఏకీభవించను. పనిముట్లు, లైసెన్సులు, ఏళ్ళ తరబడి సర్దుకున్న అమరికలు ఉన్నవారికి కొత్తగా ఎక్కించడం అంటే వారం రోజుల పని. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌ను క్లోన్ చేయడం ఒక సాయంత్రంలో అయిపోతుంది. క్లోన్ చేసేవారు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే ముందుగా దానిని ఆపి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. క్లోన్ పూర్తయిన తరువాత మొదటిసారి కొత్త డిస్క్‌ను ఒంటరిగా పెట్టి మొదలుపెట్టాలి. రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకేసారి చూస్తే విండోస్ ఒకదానిని పక్కన పెట్టేస్తుంది.

నత్తనడక గారూ, ఎస్‌ఎస్‌డి చేతికి రాగానే దానిని యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ప్రోగ్రాంతో మొత్తం నింపి చదివించండి. పేరుకు 500 జీబీ అని ఉండి లోపల అందులో పావు వంతు కూడా లేని నకిలీలు తిరుగుతున్నాయి.

బిగించేటప్పుడు ముందు ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను పది సెకండ్లు నొక్కి పట్టుకోండి. ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు భాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను బొమ్మలో అదే చోట గుచ్చి పెట్టండి. పొడవాటి స్క్రూను పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే అది కీబోర్డు కిందికో చేతులు ఆనించే పలక పైకో పొడుచుకు వస్తుంది. డిస్క్‌ను పైకి లేపి లాగకండి, కనెక్టర్ నుంచి అడ్డంగా జరిపితేనే వస్తుంది. పాత డిస్క్‌కు ఉన్న రేకు చట్రాన్ని విప్పి కొత్తదానికి బిగించాలి, తొందరలో చాలామంది దానిని మరచిపోయి మళ్ళీ మొత్తం విప్పుతారు.

నత్తనడక · ఏడవ రోజు

ఎస్‌ఎస్‌డి పరీక్షలో నెగ్గింది. స్క్రూలన్నీ కాగితం మీద ఉన్నాయి, పదమూడింటిలో రెండు నిజంగానే పొడవైనవి. బిగించాను గానీ విండోస్ ఎక్కించబోతే ఈ డిస్క్ జీపీటీ (డిస్క్‌ను భాగాలుగా విభజించే కొత్త పద్ధతి) పద్ధతిలో ఉంది కనుక కుదరదు అంటోంది. యూఎస్‌బీలో పరీక్షించినప్పుడు దానిని జీపీటీగా నేనే ఎంచుకున్నాను. చెరిపేసి పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌గా మార్చాలా?

మరమ్మతు బల్ల · ఏడవ రోజు

డిస్క్‌ను మార్చకండి, మీరు లోపలికి వెళ్ళిన దారి మార్చండి. బూట్ మెనూలో మీ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త తరం రూపం) అని ఉంటుంది. మీరు రెండోది నొక్కి ఉంటారు. యూఈఎఫ్ఐ అని ఉన్నదానితో వెళ్ళండి, ఆ అభ్యంతరం మాయమవుతుంది. అదే సమయంలో బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈ అని కాకుండా ఏహెచ్‌సీఐ అని ఉందేమో చూడండి, విండోస్ ఎక్కించిన తరువాత దానిని మారిస్తే నీలి తెర వస్తుంది. యాక్టివేషన్ గురించి బెంగ పడకండి, డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్‌తో కాదు.

నత్తనడక · ఏడవ రోజు, రాత్రి

అయింది. పవర్ బటన్ నుంచి బ్రౌజర్ వరకు 24 సెకండ్లు. నమ్మకం కుదరక మూడుసార్లు ఆపి మొదలుపెట్టాను, 24, 23, 24. ఫ్యాన్ చప్పుడు ఇంత ఉందని నాకు ఇప్పుడే తెలిసింది, ఇన్నాళ్ళూ అది డిస్క్ చప్పుడులో కలిసిపోయేది.

ఒక్క లోటు మాత్రం ఉంది. బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిస్తే మళ్ళీ తడబడుతోంది. ఎస్‌ఎస్‌డి అరిగిపోకుండా పేజ్ ఫైలును ఆపేయమని ఎక్కడో చదివాను, ఆపేయనా?

లెక్కల మాస్టారు · ఎనిమిదవ రోజు

ఆపవద్దు. మీకున్న ర్యామ్ 4 జీబీ, అది నిండినప్పుడు విండోస్ పొంగిపోయినదాన్ని పేజ్ ఫైలులోకి వంపుతుంది. అది లేకపోతే తడబడటం బదులు ప్రోగ్రాములు మూతపడతాయి. ఎస్‌ఎస్‌డి మీద ఆ వంపకం వేగంగా జరుగుతుంది గానీ ఎంత వేగమైనా అది ర్యామ్‌కు సాటి రాదు. ఇంకొక స్లాట్ ఖాళీగా ఉంటే మరో 4 జీబీ వేయండి, ఈ లోటు తీరడానికి అదొక్కటే దారి.

లినక్స్ బాట · ఎనిమిదవ రోజు

రెండు చిన్న మాటలు. డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిచి మీ డిస్క్ ఎదుట సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూడండి. అలా ఉంటే విండోస్ దానికి వేళకు ట్రిమ్ చేస్తుంది, మీరు ఏమీ చేయనక్కరలేదు. రెండోది, విండోస్ 10కు మామూలు భద్రతా నవీకరణలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి, మీ యంత్రం విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (భద్రతా చిప్) లాంటి షరతులను దాటలేదు. కాబట్టి మీరు వాడిన ఆ లినక్స్ పెన్‌డ్రైవ్‌ను పారేయకుండా, తీరిక దొరికినప్పుడు దానితో ఒక పూట పని చేసి చూడండి.

ఇక పోయిన 96 కేబీ ఏ ఫైళ్ళలో ఉందో తెలుసుకోవచ్చు. డీడీరెస్క్యూలోనే నింపే పద్ధతి ఉంది, చదవలేకపోయిన చోట్లలో సున్నాల బదులు మనం ఇచ్చిన ఒక విచిత్రమైన పదాన్ని రాస్తుంది. ఆ తరువాత ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే తెరిచి, ఆ పదం ఏయే ఫైళ్ళలో ఉందో వెతికితే జాబితా వచ్చేస్తుంది.

నత్తనడక · తొమ్మిదవ రోజు

"వంకరటింకర" అనే పదంతో నింపాను, నాలుగు ఫైళ్ళలో దొరికింది. మూడు పాత విండోస్‌వి, వాటితో ఇక పని లేదు. నాలుగోది ఒక వీడియో. తెరిచి చూశాను. పదకొండో సెకండు దగ్గర బొమ్మ ఆకుపచ్చ గళ్ళుగా చెదిరి, మాట కాసేపు ఆగి, మళ్ళీ మామూలుగా సాగింది. ఫొటోలు, అనువాదాలు అన్నీ భద్రంగా ఉన్నాయి, వాటిని ఇప్పుడు రెండు చోట్ల దాచాను. పాత డిస్క్‌ను ఒక డబ్బాలో బిగించి అదనపు బ్యాకప్‌గా వాడుకోవచ్చా?

పాతకాపు · తొమ్మిదవ రోజు

వద్దు. 56 సెక్టార్లు వేలాడుతున్న డిస్క్‌ను బ్యాకప్ అని పిలవకూడదు. ఇంకో నెల రోజులు పక్కన పెట్టి, ఏదీ మరచిపోలేదని నమ్మకం కుదిరిన తరువాత వదిలించుకోండి.

మరమ్మతు బల్ల · తొమ్మిదవ రోజు

వదిలించుకునే ముందు పళ్ళేన్ని పాడు చేయాలనుకుంటే ఒక జాగ్రత్త. మూతకు ఉన్నవి నక్షత్రం ఆకారపు టార్క్స్ స్క్రూలు, ఒకటి తయారీదారు అంటించిన కాగితం కింద దాగి ఉంటుంది. లోపలి పళ్ళెం అద్దంలా మెరుస్తుంది కదా అని వంచబోకండి. డెస్క్‌టాప్ డిస్కుల్లో అది ఎక్కువగా అల్యూమినియం, ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావరకు గాజు. పాత గుడ్డలో చుట్టి, గుడ్డ పైనుంచే సుత్తితో ఒక్క దెబ్బ వేయండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి.